ఫుల్ హెచ్‌డీ అంటే సరిపోదు: ల్యాప్‌టాప్ స్క్రీన్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ల్యాప్‌టాప్ స్క్రీన్ గురించే. ప్రాసెసర్, ర్యామ్ గురించి అందరూ గుచ్చి గుచ్చి అడుగుతున్నారు. రోజంతా కళ్లు పెట్టి చూడాల్సిన స్క్రీన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఫుల్ హెచ్‌డీ’ అన్న మాటతో సరిపెట్టుకుంటున్నారు. ఒకే తరహా ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్ర: బీటెక్‌లో చేరిన మా అమ్మాయికి ల్యాప్‌టాప్ కొనాలి. షాపులో ఒకే ధరలో రెండు చూపించారు. రెండింటి మీదా ‘15.6 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్’ అనే ఉంది. పక్కపక్కన పెడితే మాత్రం ఒకదాంట్లో ఫొటోలు వెలిసిపోయినట్టు కనిపించాయి. ‘సెట్టింగుల తేడా అంతేనమ్మా’ అంటున్నాడు షాపతను. నిజమేనా?
– ఒక తల్లి, కరీంనగర్

జ: సెట్టింగులు కాదండీ, ప్యానెలే వేరు. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు (పిక్సెళ్లు) ఉన్నాయని మాత్రమే అర్థం. ఆ చుక్కలు ఎంత చిక్కని రంగు చూపగలవో, ఎంత వెలుగునిస్తాయో ఆ మాటలో లేదు. ఐపీఎస్ అన్నదీ అంతే. పక్కకు జరిగి చూసినా రంగు పెద్దగా మారదని హామీ ఇస్తుంది తప్ప, అసలు రంగు బాగుంటుందని ఇవ్వదు.

వెలిసిపోయినట్టున్నది బహుశా ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ ప్యానెల్ అయ్యుంటుంది. ఎన్‌టీఎస్‌సీ అనేది 1953లో అమెరికాలో కలర్ టీవీ కోసం పెట్టుకున్న రంగుల కొలత. ఇప్పటి వెబ్‌సైట్లు, ఫొటోలు, వీడియోలు మామూలుగా ఎస్‌ఆర్‌జీబీ అనే మరో కొలత ప్రకారం తయారవుతాయి. ప్యానెల్ కంపెనీలు మాత్రం పాత కొలతను వదల్లేదు. ఎన్‌టీఎస్‌సీలో 72 శాతం అంటే విస్తీర్ణంలో ఇంచుమించు ఎస్‌ఆర్‌జీబీ మొత్తానికి సమానం. ఆ లెక్కన 45 శాతం ప్యానెల్ ఎస్‌ఆర్‌జీబీలో 62, 63 శాతం దగ్గరే ఆగిపోతుంది. ముందుగా దెబ్బతినేది ఎరుపు. కుంకుమ బొట్టు స్పష్టంగా ఉన్న ఫొటో ఒకటి ఫోన్లో, అదే ఫొటో ల్యాప్‌టాప్‌లో తెరిచి చూడండి. ఇలాంటి ప్యానెల్ మీద బొట్టు ఇటుక రంగులోకి పోతుంది, ముఖాలు పాలిపోతాయి. సెట్టింగుల్లో రంగు ఎంత పెంచినా లాభం లేదు, లేని ఎరుపును ప్యానెల్ పుట్టించలేదు.

కాబట్టి షాపులో మూడు అంకెలు అడగండి. ఎన్ని నిట్స్ వెలుగు? రంగు ఎంత శాతం, అది ఏ కొలతలో? ప్యానెల్ రకం ఏది? మొదటిదానికి 300 నిట్స్, రెండోదానికి 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, మూడోదానికి ఐపీఎస్ అని జవాబొస్తే ఇంక ఆలోచించక్కర్లేదు. బడ్జెట్ ల్యాప్‌టాప్‌ల్లో ఎక్కువగా దొరికేది 250 నిట్స్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ. నోట్స్ రాసుకోవడానికి, కోడింగ్‌కు అది చాలు. ఫొటో, వీడియో, డిజైన్ పని ఏమాత్రం ఉన్నా చాలదు.

షాపతనికి ఈ అంకెలు తెలియకపోవచ్చు. అప్పుడు మోడల్ పేరు కాదు, ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉండే పూర్తి మోడల్ నంబరు రాసుకోండి. ఒకే పేరుతో మూడు నాలుగు రకాల ప్యానెళ్లు అమ్ముతారు, చివరి అక్షరాల్లోనే తేడా. ఆ నంబరుతో కంపెనీ సైట్లో వెతకండి. లెనోవోకైతే పీఎస్‌ఆర్‌ఈఎఫ్ అనే సైట్లో ప్యానెల్ రకం, నిట్స్, రంగు శాతం, రిఫ్రెష్ రేటు (సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుతుందో చెప్పే హెర్ట్జ్ లెక్క) అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. హెచ్‌పీ వివరాల్లో ‘ఎస్‌వీఏ’ అని కనిపిస్తే మోసపోకండి, అది టీఎన్ ప్యానెల్‌కు, అంటే చూసే కోణం మారితే రంగు మారిపోయే పాత రకానికి, పెట్టిన మర్యాదపేరు. ‘యూడబ్ల్యూవీఏ’ అంటే ఐపీఎస్ తరహా. డెల్ ‘డబ్ల్యూవీఏ’ అన్నా అదే తరహా.

టీఎన్‌ను పట్టుకోవడానికి కాగితాలతో పని లేదు. ఒక మనిషి ముఖం ఉన్న ఫొటో తెరిచి, మూతను మెల్లగా వెనక్కి వాల్చండి. కింది నుంచి చూసినప్పుడు ముఖం నల్లబడి, ఫొటో నెగెటివ్‌లా తిరగబడితే అది టీఎన్. ఐపీఎస్‌లో కాస్త మసకబారుతుందే కానీ రంగు తిరగబడదు. మానిటర్లలో కనిపించే వీఏ రకం ల్యాప్‌టాప్‌ల్లో అరుదు, దాని సంగతి వదిలేయండి.

ఇంకొకటి. అదే ధరలో 1920×1080కి బదులు 1920×1200 దొరికితే రెండోదే తీసుకోండి. నిలువునా 120 వరసలు ఎక్కువ, కోడ్ గానీ పీడీఎఫ్ గానీ చదివేటప్పుడు స్క్రోల్ చేయడం తగ్గుతుంది.

ప్ర: డీటీపీ పని చేస్తాను. పాత 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ 1366×768. దాంట్లో ‘ద’కూ ‘ధ’కూ, ‘డ’కూ ‘ఢ’కూ తేడా కనిపించక ప్రూఫులో తప్పులు పోతున్నాయి. కొత్తది కొందామనుకుంటే కొందరు 4కే తీసుకోమంటున్నారు. నేను ఇంకా పేజ్‌మేకర్, అను ఫాంట్లే వాడుతున్నాను. ఏది మంచిది?
– ఒక డీటీపీ ఆపరేటర్, విజయవాడ

జ: పేజ్‌మేకర్ అన్న మాట రాశారు కాబట్టి 4కే వద్దు. ఎందుకో చెప్పేముందు చిన్న లెక్క.

అక్షరం ఎంత తేటగా కనిపిస్తుందన్నది మొత్తం పిక్సెళ్లను బట్టి కాదు, అంగుళానికి ఎన్ని పడుతున్నాయన్నదాన్ని బట్టి. 1366 వర్గాన్నీ 768 వర్గాన్నీ కలిపి, వర్గమూలం తీసి, 15.6తో భాగిస్తే 100 వస్తుంది. అదే సైజులో ఫుల్ హెచ్‌డీకి 141, 4కేకు 282. 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీకి 157.

విండోస్‌లో 12 పాయింట్ల అక్షరానికి 100 శాతం స్కేలింగ్ (అక్షరాలను, బొమ్మలను పెద్దవి చేసి చూపే సెట్టింగు) దగ్గర 16 పిక్సెళ్ల ఎత్తు దక్కుతుంది. మీ పాత స్క్రీన్ మీద అది సుమారు 4 మిల్లీమీటర్లు. ఇంగ్లిష్ అక్షరానికి 16 పిక్సెళ్లు సరిపోతాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో గుడిదీర్ఘం పైన, త ఒత్తు, రావత్తు కింద, మధ్యలో అసలు ‘స’ ఆ 16లోనే సర్దుకోవాలి. ఇక ‘ధ’ కింద గీత ఒక పిక్సెల్‌కన్నా సన్నం, చుట్టూ ఉన్న బూడిద రంగులో కలిసిపోతుంది. ఫుల్ హెచ్‌డీలో 150 శాతం స్కేలింగ్ పెడితే దాదాపు అదే ఎత్తులో, అంటే 4.3 మిల్లీమీటర్లలో, 24 పిక్సెళ్లు దొరుకుతాయి. అప్పుడు గీత గీతలా కనబడుతుంది. తెలుగు చదివేవాళ్లు ఇంగ్లిష్ చదివేవాళ్లకన్నా ఒక మెట్టు ఎక్కువ రిజల్యూషన్ కొనుక్కోవడం న్యాయమే.

అయితే స్కేలింగ్ దగ్గరే మీకు చిక్కు. పేజ్‌మేకర్ 7వ వెర్షన్ వచ్చిన రోజుల్లో ఈ స్కేలింగ్ ఊసే లేదు. అలాంటి ప్రోగ్రామ్‌ను విండోస్ ముందు 100 శాతంలో గీయించి, ఆ బొమ్మను సాగదీసి చూపిస్తుంది. మెనూలు, అక్షరాలు అన్నీ మసకగా వస్తాయి. దీన్ని ఆపాలంటే ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, ‘చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్’, అక్కడ ఓవర్‌రైడ్ పెట్టెలో టిక్ పెట్టి ‘అప్లికేషన్’ ఎంచుకోవాలి. మసక పోతుంది, కానీ సాగదీత కూడా పోతుంది కాబట్టి 4కే స్క్రీన్ మీద టూల్‌బాక్స్ బొమ్మలు బియ్యపు గింజలంత అవుతాయి. మౌసు పెట్టడమే కష్టం.

మీ పనికి 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ తీసుకుని, స్కేలింగ్ 100 శాతం దగ్గర ఉంచి, ప్రూఫు చూసేటప్పుడు పేజ్‌మేకర్‌లో పేజీని 150, 200 శాతానికి పెంచుకోండి. పక్కన 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ తగిలిస్తే ఇంకా హాయి. దాని మీద అంగుళానికి 92 పిక్సెళ్లే, కాబట్టి 100 శాతంలోనే మెనూలు పెద్దగా కనిపిస్తాయి. ఇన్‌డిజైన్‌కు, యూనికోడ్‌కు మారే ఆలోచన ఉంటేనే ఎక్కువ రిజల్యూషన్ స్క్రీన్ పెట్టిన డబ్బుకు పనికొస్తుంది. నిర్మల యూఐ లాంటి ఫాంట్లు అక్కడ బాగా తేలతాయి.

ఏ స్క్రీన్ అయినా కొన్నరోజే స్టార్ట్ మెనూలో ‘క్లియర్‌టైప్’ అని టైప్ చేసి ఆ ట్యూనర్‌ను ఒకసారి నడపండి. రిజల్యూషన్‌ను మాత్రం ప్యానెల్‌కు ఉన్నదానికన్నా తగ్గించకండి. అక్షరాలు పెద్దవి కావాలంటే స్కేలింగ్ పెంచాలి గానీ రిజల్యూషన్ దించకూడదు. దించితే ఒక పిక్సెల్ రెండు పిక్సెళ్ల మధ్య చీలి అంతా అలుక్కుపోతుంది.

ప్ర: పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఓఎల్‌ఈడీ ల్యాప్‌టాప్ కొన్నాను. స్క్రీన్ మీద పట్టుచీరలు ధగధగలాడుతున్నాయి, ల్యాబ్ నుంచి వచ్చిన ప్రింటు మాత్రం నల్లగా, డల్లుగా ఉంటోంది. ల్యాబ్ వాళ్లు తప్పు తమది కాదంటున్నారు. బర్న్ ఇన్ భయం కూడా ఉంది.
– ఆల్బమ్ డిజైనర్, రాజమహేంద్రవరం

జ: ల్యాబ్ వాళ్ల మాటే నిజం కావడానికి ఎక్కువ అవకాశం. రెండు తప్పులు కలిసి జరుగుతున్నాయి.

మొదటిది వెలుగు. ఓఎల్‌ఈడీ స్క్రీన్లు మామూలుగానే 350, 400 నిట్స్ దాకా వెళ్తాయి. గదిలో లైటు కింద పట్టుకుని చూసే ప్రింటుకు అంత వెలుగు ఎక్కడిది? ప్రింటు కోసం పని చేసేటప్పుడు స్క్రీన్ తెలుపు 100 నుంచి 120 నిట్స్ మధ్య ఉండాలి. 400 నిట్స్ దగ్గర కూర్చుని ‘ఫొటో తెల్లగా ఉంది, కొంచెం తగ్గిద్దాం’ అని మీరు తగ్గించినదంతా ప్రింటులో నలుపై కూర్చుంటుంది. కొలిచే పరికరం లేకపోతే ఫొటోషాప్‌లో ఖాళీ తెల్ల పేజీ తెరిచి, మంచి లైటు పడుతున్న తెల్ల కాగితాన్ని స్క్రీన్ పక్కన పట్టుకోండి. రెండూ ఒకే వెలుగులో కనిపించేదాకా బ్రైట్‌నెస్ దించండి. మోటు పద్ధతే, కానీ సగం సమస్య ఇక్కడే తీరుతుంది.

రెండోది రంగు. మీ స్క్రీన్ డీసీఐ-పీ3 అనే విశాలమైన రంగుల పరిధి చూపిస్తుంది. ల్యాబ్ అడిగేది సాధారణంగా ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్. రంగుల ప్రొఫైల్ పట్టించుకోని ప్రోగ్రామ్‌లో ఎస్‌ఆర్‌జీబీ ఎరుపును పీ3 స్క్రీన్ తన పూర్తి ఎరుపుగా చూపిస్తుంది, ధగధగ అదే. ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన యాప్‌లో డిస్‌ప్లే రంగుల విభాగం తెరిచి ‘ఎస్‌ఆర్‌జీబీ’ మోడ్ పెట్టండి. అసస్‌లో ఇది మైఅసస్ యాప్‌లో ఉంటుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో హెచ్‌డీఆర్ ఆపేయండి. ఫొటోషాప్‌లో వర్కింగ్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీ పెట్టి, సేవ్ చేసేటప్పుడు ప్రొఫైల్ పొందుపరిచే టిక్ ఉంచండి. ల్యాబ్ వాళ్లు తమ ప్రింటర్ ప్రొఫైల్ ఇస్తే ‘ప్రూఫ్ కలర్స్’తో ముందే చూసుకోవచ్చు. నెలకు పది ఆల్బమ్‌లు చేసేవాళ్లకు స్క్రీన్ రంగును కొలిచి సరిచేసే క్యాలిబ్రేటర్ దండగ కాదు. స్పైడర్, క్యాలిబ్రైట్ పరికరాలు దొరుకుతున్నాయి. 6500 కెల్విన్, గామా 2.2, 120 నిట్స్ అని లక్ష్యం ఇవ్వండి.

బర్న్ ఇన్ భయం ఉత్తిదేమీ కాదు. ఓఎల్‌ఈడీలో ప్రతి పిక్సెల్ తనే వెలుగుతుంది, వెలిగినకొద్దీ అరుగుతుంది. ఫొటోషాప్ పక్కన ఉండే టూల్ పట్టీలు, కింద టాస్క్‌బార్ రోజుకు పది గంటలు కదలకుండా ఉంటే ఆ చోట అరుగుదల మిగతా స్క్రీన్‌తో సమానంగా ఉండదు, కొన్నాళ్లకు నీడలా తేలుతుంది. టాస్క్‌బార్ ఆటోహైడ్ పెట్టండి, ఫొటోషాప్ రంగును అన్నిటికన్నా ముదురు థీమ్‌కు మార్చండి, ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే స్క్రీన్ ఆరిపోయేలా చేయండి, కంపెనీ యాప్‌లో పిక్సెల్ షిఫ్ట్, పిక్సెల్ రిఫ్రెష్ ఉంటే ఆపకండి. పైన చెప్పిన 120 నిట్స్ కూడా అరుగుదల తగ్గిస్తుంది. మీరు ఇప్పటికే కొనేశారు కాబట్టి ఇవి చాలు. కొనబోయేవాళ్లకు మా సలహా వేరు: రోజంతా ఒకే ప్రోగ్రామ్ తెరిచి కూర్చునే పనికి 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఐపీఎస్ ల్యాప్‌టాప్, పక్కన ఒక ఐపీఎస్ మానిటర్. ఓఎల్‌ఈడీ సినిమాలు చూసేవాళ్లకు, రకరకాల పనులు మార్చి మార్చి చేసేవాళ్లకు.

ప్ర: నాదీ ఓఎల్‌ఈడీయే. రాత్రిపూట బ్రైట్‌నెస్ తగ్గించి పని చేస్తే తలనొప్పి వస్తోంది. పాత ల్యాప్‌టాప్‌తో రాలేదు.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

జ: బ్రైట్‌నెస్ తగ్గించినప్పుడే అంటున్నారు కాబట్టి పీడబ్ల్యూఎంను అనుమానించాలి. చాలా ఓఎల్‌ఈడీ ల్యాప్‌టాప్ ప్యానెళ్లు వెలుగు తగ్గించడానికి వోల్టేజి తగ్గించవు, సెకనుకు 240 సార్లు ఆరిపోయి వెలుగుతాయి. కంటికి తెలియదు, కొందరికి తలకు తెలుస్తుంది. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ పెట్టి, షట్టర్ 1/1000కు మార్చి, తెల్ల పేజీని 30 శాతం బ్రైట్‌నెస్‌లో చూడండి. దట్టమైన నల్ల పట్టీలు కదులుతూ కనిపించి, 100 శాతం దగ్గర అవి బాగా పలచబడితే సంగతి అదే.

మందు: బ్రైట్‌నెస్ కీని 80 శాతం పైన ఉంచి, వెలుగును సాఫ్ట్‌వేర్‌తో దించడం. అసస్‌లో ‘ఫ్లికర్ ఫ్రీ డిమ్మింగ్’ అనే మీట దీనికే ఉంది. మిగతావాటిలో గ్రాఫిక్స్ డ్రైవర్ రంగుల సెట్టింగుల్లో బ్రైట్‌నెస్ తగ్గించండి. గదిలో చిన్న దీపం వేసుకుంటే స్క్రీన్‌ను అంతగా తగ్గించాల్సిన పనే ఉండదు. బ్లూ లైట్ కళ్లద్దాలకు డబ్బు పోయకండి, అమెరికాలోని నేత్రవైద్యుల అకాడమీయే వాటిని సిఫారసు చేయడం లేదు. ఇవన్నీ చేసినా నొప్పి తగ్గకపోతే కంటి డాక్టరుకు చూపించుకోండి.

ప్ర: నల్ల పేజీ నుంచి తెల్ల పేజీకి వెళ్తే స్క్రీన్ వెలుగు దానంతట అదే మారిపోతోంది. ప్యానెల్ పోయిందా?
– డిగ్రీ విద్యార్థి, నల్గొండ

జ: పోలేదు, బ్యాటరీ ఆదా చేస్తోంది. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, బ్రైట్‌నెస్ పక్కన బాణం నొక్కితే ‘చేంజ్ బ్రైట్‌నెస్ బేస్డ్ ఆన్ కంటెంట్’ అని ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయండి. అయినా ఆగకపోతే ఇంటెల్ గ్రాఫిక్స్ యాప్‌లో పవర్ విభాగంలో ‘డిస్‌ప్లే పవర్ సేవింగ్’ ఆపాలి. ఏఎండీ అయితే దాని పేరు ‘వేరీ-బ్రైట్’. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఒకలా, చార్జర్ పెట్టినప్పుడు ఒకలా విడివిడిగా ఉంటాయి, రెండుచోట్లా చూడండి.

ప్ర: సోలార్ ప్లాంటులో పని. ఆరుబయట ల్యాప్‌టాప్ తెరిస్తే నా ముఖమే కనిపిస్తోంది. ఎన్ని నిట్స్ కావాలి?
– సైట్ ఇంజనీర్, అనంతపురం జిల్లా

జ: నిట్స్ ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు. పైపూత లేని మెరిసే గాజు తన మీద పడిన వెలుగులో సుమారు 4 శాతం వెనక్కి కొడుతుంది. మీ వెనకున్న ఆకాశం 5000 నిట్స్ అనుకుంటే స్క్రీన్ మీద 200 నిట్స్ ప్రతిబింబం పడుతుంది. మీ ప్యానెల్ 250 నిట్స్‌ది అయితే తెలుపు 450, నలుపు 200. తేడా రెండింతల పైచిలుకే, అక్షరం ఎలా తేలుతుంది? మెరుపు లేని మ్యాట్ స్క్రీన్ ఆ ప్రతిబింబాన్ని చెదరగొడుతుంది.

చెట్టు కిందో షెడ్డు కిందో పని చేసుకోవడానికి 400 నిట్స్, మ్యాట్ కనీసం. నేరుగా ఎండలో అంటే 1000 నిట్స్ ఉండే రగ్గ్‌డ్ (మొరటు వాడకాన్ని తట్టుకునే) ల్యాప్‌టాపులే దిక్కు. ఓఎల్‌ఈడీ తీసుకోకండి, చాలావరకు మెరిసే గాజే. బయట ఉన్నప్పుడు డార్క్ మోడ్ ఆపి తెలుపు మీద నల్ల అక్షరాలు పెట్టుకోండి. చీకటి పేజీ అద్దంలా పనిచేస్తుంది. వీపు వెనక ఆకాశం కాకుండా ముదురు రంగు గోడ ఉండేలా కూర్చోవడం వల్ల వచ్చే లాభం వంద నిట్స్ పెంచినా రాదు. మామూలు ల్యాప్‌టాప్‌లు చాలావాటికి పనిచేసే ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే రాసి ఉంటుంది. మీ ఊరి ఏప్రిల్ ఎండకు అది ఎంత దూరమో మీకు మేం చెప్పాలా!

ప్ర: పాత ల్యాప్‌టాప్‌లో 1366×768 టీఎన్ ప్యానెల్ తీసి ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ వేయించవచ్చా? సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక షాపులో ‘పడుతుంది’ అన్నారు, మరో షాపులో ‘డిస్‌ప్లే రాదు’ అన్నారు. స్వయంగా మార్చుకోవడం కష్టమా?
– ప్రైవేటు ఉద్యోగి, మల్కాజిగిరి

జ: ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. పట్టడం వేరు, బొమ్మ రావడం వేరు.

ముందు ప్యానెల్ నంబరు కావాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మానిటర్ విభాగం చూడండి, లేదా ప్యానెల్ తీశాక వెనక స్టిక్కర్ మీద చదవండి. ఆ నంబరే ప్యానెల్ జాతకం. బీఓఈ కంపెనీవి ‘ఎన్‌టీ156’తో మొదలైతే టీఎన్, ‘ఎన్‌వీ156’తో మొదలైతే ఐపీఎస్ తరహా. 156 అంటే 15.6 అంగుళాలు. ఏయూఓ వాటిలో ‘బీ156హెచ్‌టీఎన్’ టీఎన్, ‘బీ156హెచ్‌ఏఎన్’ ఐపీఎస్ తరహా. షాపతను ‘ఐపీఎస్సే సార్’ అన్నప్పుడు స్టిక్కర్ చూపించమనండి.

తర్వాత కనెక్టరు. 2013కు ముందరి చాలా ల్యాప్‌టాప్‌ల్లో 40 పిన్నుల ఎల్‌వీడీఎస్ అనే పాత రకం ఉండేది. అది మీదైతే ఇక్కడితో ఆగిపోండి. ఆ తర్వాత వచ్చిన 30 పిన్నుల ఈడీపీ రకం అయితే ఆశ ఉంది. 40 పిన్నుల ఈడీపీ కూడా ఉంది, అది 120 హెర్ట్జ్ పైన, 4కే ప్యానెళ్లకు. చూడటానికి ఎల్‌వీడీఎస్ 40లాగే ఉన్నా పొరపాటున దాంట్లో గుచ్చితే ప్యానెల్ కాలిపోతుంది.

మూడోదే అసలు మెలిక. ఈడీపీ కేబుల్లో డేటా వెళ్లే జతల్ని లేన్లు అంటారు. ఒక లేనుకు 2.7 గిగాబిట్ల వేగం, డేటాను సంకేతాలుగా మార్చడానికి పోయేది పోగా మిగిలేది 2.16. 1366×768, 60 హెర్ట్జ్‌కు అది చాలు. ఫుల్ హెచ్‌డీకి పిక్సెల్‌కు 18 బిట్లు వేసుకున్నా దాదాపు 2.5 గిగాబిట్లు కావాలి, అంటే రెండు లేన్లు. డబ్బు మిగుల్చుకోవడానికి కొన్ని మోడళ్లలో తయారీదారు ఒకే లేను వైరు వేసి వదిలేస్తాడు. అప్పుడు కొత్త ప్యానెల్ కనెక్టరు చక్కగా పడుతుంది, బ్యాక్‌లైటూ వెలుగుతుంది, బొమ్మ మాత్రం రాదు లేదా గీతలు గీతలుగా వస్తుంది. రెండో షాపతను అన్నది ఇదే. మీ మోడల్‌లోనే ఫుల్ హెచ్‌డీ రకం కూడా అమ్మి ఉంటే దాని కేబుల్ పార్ట్ నంబరు కనుక్కుని కేబుల్ కూడా మార్చండి.

సైజు కూడా కొలవాలి. పక్కన ఇనప చెవులున్న పాత 15.6 ప్యానెళ్లు సుమారు 359 మిల్లీమీటర్ల వెడల్పు, చెవుల్లేని కొత్త సన్న అంచు ప్యానెళ్లు 350. ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు.

ఇక మార్చే పద్ధతి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి, లేకపోతే విండోస్ పూర్తిగా ఆగదు. చార్జర్ తీసి, అడుగు మూత విప్పి బ్యాటరీ కనెక్టరు ఊడదీసి, పవర్ బటన్‌ను 15 సెకన్లు నొక్కి ఉంచండి. ఈ ఒక్క మెట్టు దాటేసినవాళ్లే ఎక్కువగా మదర్‌బోర్డు రిపేరుకు వెళ్తారు. బ్యాక్‌లైటుకు వెళ్లే వోల్టేజి దాదాపు బ్యాటరీ వోల్టేజి అంత ఉంటుంది, కరెంటు ఉండగా కనెక్టరు కాస్త వంకరగా తగిలితే బోర్డు మీద బ్యాక్‌లైట్ ఫ్యూజు పోతుంది. టార్చి కొట్టి చూస్తే బొమ్మ లీలగా కనబడుతుంది కానీ వెలుగు రాదు, గుర్తు అదే.

ముందు అంచు చట్రాన్ని లోపలి వైపు నుంచి పాత ప్లాస్టిక్ కార్డుతో లేపుతూ రండి. చెవులుంటే స్క్రూలు విప్పండి. లేకపోతే ప్యానెల్ వెనక రెండు పక్కలా సాగే జిగురు పట్టీలుంటాయి. కొస పట్టుకుని ప్యానెల్‌కు సమాంతరంగా, నెమ్మదిగా లాగితే సాగుతూ బయటికొస్తాయి. పైకి ఎత్తి లాగితే మధ్యలో తెగుతాయి, ఆ తర్వాత ప్యానెల్‌ను పగలకుండా తీయడం చాలా కష్టం. కీబోర్డు మీద గుడ్డ పరిచి ప్యానెల్‌ను బోర్లా పడుకోబెట్టండి. కనెక్టరు మీది పారదర్శక టేపు తీసి, సన్నని లోహపు లాక్ ఉంటే లేపి, కేబుల్‌ను ప్యానెల్ మీదే జరుపుతూ వెనక్కి లాగండి. పైకి పీకకండి. కొత్తది తగిలించాక అతికించకుండానే బ్యాటరీ పెట్టి ఆన్ చేసి, తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం నిండు పేజీలు చూడండి. అంతా సరిగ్గా ఉంటేనే ముందుండే రక్షణ పొర తీయండి. పొర తీస్తే వాపసు తీసుకునే షాపు ఉండదు.

ప్ర: కొత్త ల్యాప్‌టాప్‌లో ఒక చుక్క ఎప్పుడూ ఎర్రగా వెలుగుతోంది. చీకట్లో మూలలు తెల్లగా కూడా ఉంటాయి. మార్చి ఇస్తారా?
– గృహిణి, తిరుపతి

జ: వాపసు గడువు ఇంకా ఉంటే వెంటనే తిరిగి ఇచ్చేయండి. గడువు దాటాక వారంటీ కింద అడిగితే ‘ఇన్ని చుక్కలు దాటితేనే’ అని నిబంధన చూపిస్తారు. ఐఎస్ఓ 9241-307 ప్రమాణమే కొన్ని తరగతుల ప్యానెళ్లలో కొన్ని చుక్కలను అనుమతిస్తుంది, కంపెనీలు దాన్ని పట్టుకుని తమ సొంత లెక్క రాసుకుంటాయి. ఎర్రగా వెలిగేది ఇరుక్కున్న పిక్సెల్. రంగులు వేగంగా మార్చే ప్రోగ్రామ్‌ను ఆ చోట కొంతసేపు నడిపితే ఒక్కోసారి వదులుతుంది. ఎప్పుడూ నల్లగా ఉండే చుక్క వదలదు. వేలితో నొక్కే వైద్యం చేయకండి, ఒక చుక్క నాలుగవుతుంది.

మూలల తెలుపు సంగతి: చీకటి గదిలో నల్ల పేజీ తెరిచి, బ్రైట్‌నెస్ సగానికి తెచ్చి, తలను పక్కకు జరపండి. తెలుపు మీతోపాటు కదిలి, రూపు మార్చుకుంటే అది ఐపీఎస్ స్వభావం, ఎవరూ మార్చరు. ఎటు చూసినా అక్కడే ఉంటే బ్యాక్‌లైట్ లీకు. అది ఎక్కువగా ఉంటే ఫొటో తీసి అడగండి.

ప్ర: గేమ్స్ కోసం 144 హెర్ట్జ్ ల్యాప్‌టాప్ కొన్నాను. కదిలే బొమ్మల వెనక తోకలా నీడ వస్తోంది. ఎందుకు?
– ఇంటర్ విద్యార్థి, ఖమ్మం

జ: 144 హెర్ట్జ్ అంటే 6.9 మిల్లీసెకన్లకో కొత్త బొమ్మ. చౌక ఐపీఎస్ ప్యానెల్ ఒక రంగు నుంచి మరో రంగుకు మారడానికి 25, 30 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. పాత బొమ్మ చెరగకముందే నాలుగు కొత్తవి వచ్చి పడతాయి, తోక అదే. కంపెనీ యాప్‌లో ‘ఓవర్‌డ్రైవ్’ ఉంటే ఆన్ చేయండి, కొంత తగ్గుతుంది. లేకపోతే సెట్టింగుతో పోయేది కాదు. ముందు విండోస్‌లో డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి నిజంగా 144లో నడుస్తోందో లేదో చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ మీదకు రాగానే చడీచప్పుడు లేకుండా 60కి దిగిపోతాయి.